పాత కారు అమ్మేద్దామా?

నూజివీడులో మామిడి కాలం వస్తే పాత కారుకు చేతినిండా పనే. డిక్కీలో రసాల బుట్టలు, వెనక సీట్లో పిల్లలు! ఆగిరిపల్లి మీదుగా బెజవాడ వెళ్లొచ్చాక 'పెట్రోలు తెగ తాగుతోంది, అమ్మేద్దాం' అంటారు మీవారు. తొందరపడకండి. ముందు లెక్క చూడండి.

ట్యాంకు నిండా కొట్టించి మీటరు రాసుకోండి. మళ్లీ నింపినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ తెలుస్తుంది. పాతది లీటరుకు 12, కొత్తది 18 ఇస్తాయనుకుందాం. నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే తేడా సుమారు 17 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకున్నా 1,870. అదే కొత్త కారుకు 5 లక్షలు అప్పు చేస్తే, 9 శాతం వడ్డీతో ఐదేళ్లపాటు నెలనెలా 10 వేల పైనే కట్టాలి!

అలాగని పాతది ఊరికే నడవదు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10 వేలు. బీమా, పొగ సర్టిఫికెట్ సరేసరి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ఖర్చులూ పద్దులో రాయండి. ఇవన్నీ కలిపి నెలకు సగటున 8 వేలు దాటుతుంటే అప్పుడు అమ్మకం మాట ఆలోచించొచ్చు.

ఒక్క మాట. బ్రేకులు బాగుపడకపోయినా, అడుగురేకు తుప్పు పట్టినా ఈ లెక్కలేవీ వద్దు. అందులో కూర్చునేది మన పిల్లలు!