ఉప్పునీటి తొట్టిలో నైట్రేట్ పేరుకుంటే?

ఢిల్లీకి సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా అక్కడి ఇళ్లలో, నోయిడా, గుర్గావ్ అపార్ట్‌మెంట్లలో గాజుతొట్టెలలో నారింజరంగు క్లౌన్ చేపలు ఈదుతూ కనిపిస్తాయి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల చొప్పున కృత్రిమ సముద్రలవణం కలిపి ఈ చిన్న సముద్రాన్ని తయారుచేస్తారు. ఉప్పు సరిపోతుంది, నీరు తేటగా ఉంటుంది. అయినా కొన్ని నెలలకు గాజుకు పాచి పడుతుంది, చేపలు మందకొడిగా మారతాయి. దీనికి తరచు కారణమయ్యేది రంగూ వాసనా లేని నైట్రేట్.

ఎక్కడి నుంచి వస్తుంది?

చేపల మేతలో ప్రోటీన్లు ఉంటాయి. ప్రోటీన్లలో నత్రజని ఉంటుంది. శరీరానికి అక్కరలేని నత్రజనిలో ఎక్కువ భాగాన్ని చేప తన మొప్పల ద్వారా అమోనియా రూపంలో వదిలేస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా వచ్చేది అమోనియాయే. ఇది చేపలకు విషం. అదృష్టవశాత్తు నీటిలోని ఒకరకం బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గానూ, మరొకరకం నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మారుస్తాయి. బాక్టీరియా చేసే ఈ పనిని రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాద్‌స్కీ 1890 ప్రాంతంలో నిరూపించాడు.

నైట్రేట్ అమోనియా అంత ప్రమాదకరం కాదు. కాని పేరుకుపోతుంది. సముద్రంలో దాన్ని వృక్షప్లవకాలు వెంటనే వాడుకుంటాయి. అందుకే పగడపు దిబ్బల నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. మన తొట్టి మాత్రం కలుజు లేని చెరువు వంటిది. వచ్చినదంతా అందులోనే ఉంటుంది. చేపలు మాత్రమే ఉన్న తొట్టిలో లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవడం మంచిది. పగడాల వంటి సున్నిత జీవులుంటే ఇంకా తక్కువ ఉండాలి.

ఒక చిన్న లెక్క

నైట్రేట్‌ను తగ్గించే మొదటి మార్గం నీటిని మార్చడం. మీ తొట్టిలో లీటరుకు 80 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉందనుకోండి. నాలుగోవంతు నీరు తీసి, నైట్రేట్ లేని ఉప్పునీరు పోస్తే 60 అవుతుంది. మరోసారి మారిస్తే 45, ఇంకోసారి మారిస్తే దాదాపు 34.

పోసే నీటిలోనే 40 మిల్లీగ్రాములు ఉంటే? మొదటిసారి 70, రెండోసారి 62.5. ఎన్నిసార్లు మార్చినా 40 కంటె కిందికి దిగదు! ఢిల్లీ ప్రాంతంలో ఈ లెక్క చాలా ముఖ్యం. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఢిల్లీలోని కొన్నిచోట్ల భూగర్భజలాలలో అది ఈ పరిమితిని మించి ఉన్నట్లు కేంద్ర భూగర్భజల మండలి పరీక్షలలో తేలింది. భూమిలోకి ఇంకే మురుగునీరు, పొలాలలో వాడే ఎరువులు దీనికి ముఖ్యకారణాలు.

నీటిని మరిగిస్తే నైట్రేట్ పోతుందా? పోదు. నీరు ఆవిరై, మిగిలినది మరింత చిక్కబడుతుంది. మామూలు బొగ్గు ఫిల్టరు కూడా దాన్ని పట్టుకోలేదు. రివర్స్ ఆస్మాసిస్ యంత్రం చాలావరకు తొలగిస్తుంది. కాని రుచి కోసం కొన్ని ఇంటి యంత్రాలలో కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతారు. అందువల్ల ఆ నీటినీ పరీక్షించి వాడాలి. వేసవిలో తొట్టి నీరు త్వరగా ఆవిరవుతుంది. ఉప్పూ నైట్రేటూ లోపలే ఉండిపోతాయి. తరుగు పూడ్చడానికి ఉప్పు కలపని, శుద్ధిచేసిన నీటినే పోయాలి. బోరునీరు పోస్తే, పోసిన ప్రతిసారీ కొంత నైట్రేట్ చేర్చినట్లే.

ప్రకృతి చూపిన దారులు

రెండో మార్గం రాకముందే ఆపడం. చేపలు రెండు మూడు నిమిషాలలో తినగలిగినంత మేతే వేయండి. నురగ ద్వారా మలినాలను లాగేసే ప్రోటీన్ స్కిమ్మర్ అనే పరికరం, అవి కుళ్లకముందే బయటికి పంపుతుంది. ఫిల్టరులోని స్పాంజిని తరచు తొట్టి నీటితోనే కడగండి. కుళాయి నీటిలోని క్లోరిన్ మేలుచేసే బాక్టీరియాను చంపుతుంది.

మూడోది సముద్రపు నాచు. కీటోమార్ఫా వంటి నాచును పక్కనున్న చిన్న తొట్టిలో దీపం కింద పెంచితే, నైట్రేట్‌ను ఎరువుగా వాడుకుని పెరుగుతుంది. పెరిగినదాన్ని కోసి బయట పారవేయాలి. అప్పుడే నత్రజని నిజంగా తొట్టి దాటినట్లు. అక్కడే చచ్చి కుళ్లితే తిరిగి మొదటికే వస్తుంది.

నాలుగోది మరోజాతి బాక్టీరియా. గుల్లరాళ్ల లోపల, లోతైన ఇసుకపొరల అడుగున ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడి బాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని, నత్రజని వాయువును వదులుతాయి. అది గాలిలో కలిసిపోతుంది. లోతైన ఇసుకను కెలకకూడదు. అడుగున తయారయ్యే, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా నీటిలో కలిస్తే చేపలకు ప్రాణాంతకం.

పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని కిట్లు నైట్రేట్‌ను, కొన్ని నైట్రేట్‌లోని నత్రజనిని మాత్రమే చూపుతాయి. రెండోరకం అంకెను 4.4 తో గుణిస్తే నైట్రేట్ విలువ వస్తుంది. కిట్‌లో 10 అని కనిపిస్తే, అసలు నైట్రేట్ 44 అన్నమాట!

అదే కిట్‌తో, అది మంచినీటికీ పనికివచ్చేదైతే, మీ ఇంటి బోరునీటిని కూడా పరీక్షించండి. నైట్రేట్ ఎక్కువగా ఉన్న నీటితో పాలపొడి కలిపి పడితే, పసిబిడ్డల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేకపోతుంది. బిడ్డ నీలంగా మారే ఈ స్థితిని నీలిశిశు వ్యాధి అంటారు. కాబట్టి ఫలితం 45 సమీపంలో ఉంటే, ప్రయోగశాలలో మరోసారి నిర్ధారించుకుని, ఇరుగుపొరుగు వారికీ చెప్పండి. తొట్టి నీటిని మనం వారం వారం మార్చుకోవచ్చు. భూగర్భజలాన్ని అలా మార్చలేం. అందులోకి మురుగు చేరకుండా ఆపడమొక్కటే మనకున్న దారి.