బృహస్పతి చుట్టకుదురు

పొయ్యిమంటలో నుప్పుకల్లు పడినప్పుడు మంట పసుపువన్నె దాల్చుట మీరు చూచియే యుందురు. ఉప్పునందలి సోడియము తన యునికిని ఆ వన్నెచేఁ దెలుపుచున్నది. ఇట్లే ప్రతి మూలపదార్థమునకును దనవైన వెలుఁగులు కలవు. అందు ఊదారంగునకు ఆవల నుండి మన కంటికిఁ గానరాని వానిని అతినీలలోహిత కిరణములందురు. ఒక దూరపుఁ జంద్రుని రహస్యమును బయటపెట్టినవి ఇవియే.

1610వ సంవత్సరము జనవరిలో గెలీలియో తన దుర్భిణితో బృహస్పతి చంద్రులను నల్వురను గాంచెను. వారిలో గురునికి మిగుల దాపుననున్నది అయో. 42 గంటలన్నరలో నది గురుని చుట్టివచ్చును.

1979 మార్చి 5వ తేదీని వాయేజర్ 1 అను అమెరికా నౌక గురుని సమీపమునఁ బోవుచు, అయో సంచరించు దారిపొడవునను గంధకము, ప్రాణవాయువు వెలువరించు అతినీలలోహిత కాంతి మిక్కుటముగా నున్నట్లు కనుఁగొనెను. ఆ పరమాణువులు ఎలక్ట్రానులను గోల్పోయి, విద్యుదావేశము నొంది, చుట్టకుదురు ఆకారమున గురుని జుట్టియున్నవి. ఇట్టి వాయువునకుఁ బ్లాస్మా యని పేరు.

ఈ గంధక మెక్కడిది? నాలుగు దినములకు, మార్చి 9న, ప్రత్యుత్తరము దొరకినది. లిండా మొరాబిటో యను నామె నౌకామార్గమును నిర్ణయించు ఇంజనీరు. ఒక ఛాయాచిత్రములో నక్షత్రముల స్థానములను బరిశీలించుచు నామె అయో యంచున గొడుగువంటి మేఘమును జూచెను. మరకయని త్రోసివేయక, అది యేమో తేలువఱకు విడువలేదు. అది యగ్నిపర్వతము చిమ్మిన మేఘము! భూమికి వెలుపల మండుచున్న యగ్నిపర్వతము మనుజుల కంటఁబడుట యదియే ప్రథమము.

గురుఁడును, ఐరోపా, గానిమీడ్ అను తోడి చంద్రులును లాగుచుండుటచే అయో గర్భము పిండివలె మర్దింపఁబడి వేఁడెక్కుచున్నది. అందుండి సెకనునకు సుమారొక టన్ను పదార్థము బయటఁబడి ప్లాస్మాలోఁ గలియుచున్నది. గురుఁడు పది గంటలలోపలనే తన చుట్టుఁ దాను దిరుగును. అతని అయస్కాంతక్షేత్రము, కవ్వము మజ్జిగను ద్రిప్పినట్లు, ఆ ప్లాస్మాను ద్రిప్పి శక్తి నొసఁగుచున్నది. ఆ శక్తియే లక్షకోట్ల వాట్లకు మించిన అతినీలలోహిత కాంతియై వెలువడుచున్నది.

ఈ కిరణములను మన వాయుమండలము అడ్డగించును. కావున జపానువారు 2013 సెప్టెంబరులో హిసాకి యను నుపగ్రహమును బైకిఁ బంపిరి. 2015లో అయో యగ్నిపర్వతములు విజృంభించినపు డీ చుట్టకుదురు వెలుఁగు హెచ్చుట యది కనిపెట్టెను. 2023లో దాని పని ముగిసినది.

ఆకాశమున మినుకుమనక నిలుకడగా వెలుఁగు గురుని ఇఁకఁ జూచినపుడు, దాపున నుండి కంటికిఁ గానరాని ఆ చిన్న చంద్రుని గూడఁ దలఁచుకొనుఁడు. ఆ మహాగ్రహపు వడ్డాణమునకు వలయు బంగార మంతయు దానియింటిదే.