ఏడు సందర్భాలు, ఒక్క ‘అవును’

భార్యను భర్త కొట్టడం సబబేనా? 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మహిళల్లో వందకు 83 మందికి పైగా ఏదో ఒక సందర్భంలో సబబేనన్నారు. గుండె కలుక్కుమనిపించే అంకె ఇది. అయితే దాన్ని ఎలా రాబట్టారో తెలియకుండా తీర్పు చెప్పకూడదు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినో పిల్లలనో పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకు నిరాకరించడం, వంట సరిగా చేయకపోవడం, శీలంపై అనుమానం, అత్తమామలను గౌరవించకపోవడం: ఈ ఏడింటినీ విడివిడిగా అడుగుతారు. ఒక్కదానికి ‘అవును’ అన్నా ఆమె లెక్కలో చేరిపోతుంది. కాబట్టి ఆ 83 మందీ ప్రతి దెబ్బనూ సమర్థిస్తున్నారని కాదు.

అలాగైతే ఈ కొలతే తప్పంటారు కొందరు. ఆ మాట ఒప్పుకోలేను. ఇవే ప్రశ్నలకు హిమాచల్ ప్రదేశ్‌లో అవునన్నది 15 శాతం లోపే. లోపం పూర్తిగా ప్రశ్నలదే అయితే ఇంత తేడా ఎలా వస్తుంది? మరి కొందరి అభ్యంతరం బలమైనది: ఆమె చెప్పింది తన నమ్మకం కాదు, లోకరీతి అని. కావచ్చు. కానీ అదే లోకరీతి పుట్టింట్లో సర్దుకుపొమ్మంటుంది, ఇరుగుపొరుగు నోరు నొక్కుతుంది, ఠాణా మెట్లెక్కిన మనిషిని వెనక్కి పంపుతుంది. ఇదే సర్వేలో తెలంగాణలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త చేతిలో హింసకు గురయ్యామన్నారు. దెబ్బ తన తప్పుకు దక్కిన శిక్ష అనుకునే స్త్రీ దాన్ని హింసగా చెప్పుకోకపోవచ్చు. అందుకే హింస గురించిన ఈ అంకెలు అసలు సంగతి కన్నా తక్కువేనని నా అనుమానం.