ఉర్లగడ్డలో రొయ్యల విందు!

నెల్లూరు అనగానే చేపల పులుసే గుర్తొస్తుంది. కానీ ఈ తీరంలో రొయ్యల చెరువులకూ కొదవలేదు. ఎగుమతుల్లో పెద్ద వాటా అమెరికాదే. 2025 ఆగస్టులో ఆ దేశం సుంకాన్ని 50 శాతానికి పెంచేసరికి రైతుల గుండె గుబేలుమంది. మన వంటింట్లోనూ రొయ్యకు చోటు పెరిగితే వాళ్లకి కాస్త ఊరట కదా!

నాలుగు పెద్ద ఉర్లగడ్డలకు అక్కడక్కడా ఫోర్కుతో గుచ్చి, నూనె రాసి, 200 డిగ్రీల ఓవెన్లో గంటసేపు ఉంచాలి. సగానికి కోసి గుజ్జు తీయాలి. నల్లనరం తీసిన పావుకిలో రొయ్యల్ని ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, ఉప్పు, కారంతో వేయించాలి. రంగు మారి ముడుచుకోగానే దింపేయాలి, ఆలస్యమైతే రబ్బరులా సాగుతాయి. పులుసులోలా కాస్త మామిడికాయ తురుము వేస్తే ఆ రుచే వేరు. గుజ్జుతో కలిపి డొప్పల్లో నింపి, వెన్న రాసి మరో పది నిమిషాలు ఓవెన్లో పెడితే సరి.