చెరిపిన జంట

జాన్ మస్టర్స్ దొర భార్యతో కలిసి గుర్రమెక్కి బొమ్మ గీయించుకున్నాడు. ముచ్చట తీరాక అందులోంచి ఆవిడను చెరిపించాడు, తనూ చెరిగిపోయాడు. గుర్రాల జోలికి మాత్రం పోలేదు.

బొమ్మ 1777 నాటిది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ పక్కనున్న కాల్విక్ హాల్ మస్టర్స్ వంశం దివాణం. అంతకు ముందు ఏడాదే ఆయన సోఫియా హేవుడ్‌ను పెళ్లాడాడు. కొత్త పెళ్లాం, కొత్తగా తీర్చిన మేడ, మేలుజాతి గుర్రాలు. అన్నిటినీ ఒకే చెక్క పలక మీదికి ఎక్కించే పని జార్జ్ స్టబ్స్‌కు అప్పజెప్పాడు.

గుర్రం విషయంలో స్టబ్స్‌ను మించినవాడు అప్పట్లో లేడు. హార్క్‌స్టో అనే పల్లెలో ఏడాదిన్నర పాటు గుర్రాల కళేబరాలను వేలాడదీసి, పొరపొరగా కోస్తూ, ఎముక దాకా గీసుకున్న మనిషి. ఆ బొమ్మల్ని రాగిరేకుల మీద చెక్కడానికి లండన్ పనివాళ్లు ముందుకు రాకపోతే తనే చెక్కి, 1766లో గుర్రపు శరీర నిర్మాణం మీద పుస్తకం వేశాడు. అంత కంపు భరించి నేర్చిన విద్య కనుకే ఆయన గుర్రం చర్మం కింద కండ కదులుతున్నట్టుంటుంది. పైన కూర్చున్న దొరలు మాత్రం, నా కంటికి, కాస్త బిగుసుకునే కనిపిస్తారు.

సోఫియా అందం ఊరూరా మోగింది. ఆ ఏటి సుందరి ఈవిడేనని రచయిత్రి ఫానీ బర్నీ 1779లో తన డైరీలో రాసుకుంది. పేరు వెంట పుకార్లూ వచ్చాయి. మొగుడికి ఒళ్లు మండి బొమ్మ మీద రంగు పూయించాడనీ, జంట ఉన్నచోట గుర్రాలను పట్టుకున్న నౌకర్లు వెలిశారనీ చెబుతారు. ఇందులో నాకు కోపం కన్నా లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. ఆలి మీద ఎంత అలిగినా, స్టబ్స్ గీసిన గుర్రాన్ని పాడుచేసుకోవడానికి ఏ భూస్వామికి మనసొప్పుతుంది?

సొంతింటి గోడ మీది బొమ్మ కాబట్టి ఆయన మాట చెల్లింది. అచ్చయిన బొమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. సర్ జాషువా రేనాల్డ్స్ 1782లో సోఫియాను గ్రీకు దేవత హీబీగా, పక్కన గద్దతో చిత్రించాడు. 1785లో చార్లెస్ హాడ్జెస్ దాన్ని మెజోటింట్‌గా చెక్కాడు. ఈ పద్ధతిలో రాగిరేకునంతా ముందు పళ్ల పనిముట్టుతో గరుకు చేస్తారు. అలాగే అచ్చు తీస్తే కాగితం మొత్తం నల్లగా వస్తుంది. ఆ నలుపులోంచి వెలుగు కావలసిన చోటల్లా గీకి నునుపు చేస్తూ పోతే చెంపలు, పట్టుబట్టల మెరుపు తేలతాయి. గీతలతో కాక నీడలతో పుట్టే బొమ్మ కనుక తైలవర్ణం మెత్తదనం చాలావరకు దిగుతుంది. ఇంగ్లండు చెక్కుడుగాళ్లు ఇందులో ఎంత ఆరితేరారంటే ఫ్రెంచివాళ్లు దీన్ని ఇంగ్లిష్ పద్ధతి అనే పిలిచేవారు. రేకు తొందరగా అరిగిపోతుంది, అందుకే తొలి ప్రతులకు అంత గిరాకీ. ఒకసారి దుకాణాలకెక్కి, పరాయి ఇళ్లకు చేరిన కాగితాల మీద రంగు పూయించడం ఏ మొగుడి తరం?

రేనాల్డ్స్ తైలవర్ణం ఇప్పుడు లండన్‌లోని కెన్‌వుడ్ హౌస్‌లో ఉంది. స్టబ్స్ పలకనూ 20వ శతాబ్దంలో శుభ్రం చేశారు. పై రంగు ఊడింది, మొగుడూ పెళ్లాలు మళ్లీ జీనుల మీదికొచ్చారు. నౌకర్ల ఉద్యోగం ఊడింది.