ఓడతామని తెలిసీ వేసిన నామినేషన్లు

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. వాళ్లలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు పెట్టాలి, క్వింటా పసుపుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇప్పించాలన్నది వాళ్ల పట్టు. ఆర్మూర్, బాల్కొండ పసుపు పల్లెలూ, 2015లో నిజాం షుగర్స్ మూతపడిన బోధన్ కూడా ఈ నియోజకవర్గంలోవే.

ఒక్కొక్కరూ 25,000 రూపాయల దాకా డిపాజిట్ కట్టారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది గల్లంతే. అయినా కట్టారు. దీన్ని ఆవేశమని కొట్టిపారేసినవాళ్లు పొరబడ్డారు. వినతిపత్రం ఎవరైనా ఇస్తారు. సొంత డబ్బు పోతుందని తెలిసీ ముందుకొచ్చినవాడి మాటను ఎదుటివాడు లెక్కలోకి తీసుకోక తప్పదు. గేమ్ థియరీ చాలాకాలంగా చెబుతున్నదీ ఇదే.

ఒక బ్యాలెట్ యూనిట్‌పై 16 పేర్లే పడతాయి. 185 మందికి తోడు నోటా. అందుకే ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు 1996లోనూ ఇలాగే ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి నల్లగొండలో 480 మంది పోటీ చేశారు.

గెలవని అభ్యర్థి ఫలితాన్ని మార్చగలడా? భాస్కర్ దత్తా, మాథ్యూ జాక్సన్, మిషెల్ లె బ్రెటన్ 2001లో దీన్ని గణితంగా తేల్చారు. ఒక్కరి ఇష్టమే శాసనమయ్యే పద్ధతిని పక్కన పెడితే, అందరూ కోరినవాడిని గెలిపించే ఏ ఎన్నికల పద్ధతిలోనైనా గెలవని ఒక అభ్యర్థి తప్పుకుంటే ఫలితం తారుమారయ్యే సందర్భాలుంటాయి.

మరి ఓటరు సంగతి? ముగ్గురు, అంతకుమించి పోటీలో ఉంటే మనసులోని మాట దాచి ఓటేసి లాభపడే అవకాశం దాదాపు ప్రతి పద్ధతిలోనూ ఉంటుందని గిబ్బార్డ్ 1973లో, శాటర్త్‌వెయిట్ 1975లో నిరూపించారు. అవకాశం ఉండటం వేరు, దాన్ని లెక్కగట్టి పట్టుకోవడం వేరు. కంప్యూటర్ శాస్త్రం అడుగుపెట్టింది ఇక్కడే. మన లోక్‌సభ పద్ధతిలో లెక్క సులువు: మిగతా ఓట్లు తెలిస్తే ఒక్కో పేరుకీ ఓటేసి చూడటమే, 185 ప్రయత్నాల్లో పని ముగుస్తుంది. రాజ్యసభ ఎన్నికల్లోలా ప్రాధాన్య క్రమంలో పేర్చాలంటే మాత్రం 185 పేర్ల వరుసల సంఖ్యలోనే 341 అంకెలుంటాయి. ఆ తరహా పద్ధతిలో అనుకూలమైన వరుసను వెతకడం, ఇంతవరకు ఎవరికీ దగ్గరిదారి దొరకని కఠిన సమస్యల కోవలోకే వస్తుందని బార్తోల్డి, ఆర్లిన్ 1991లో చూపారు. అన్నిసార్లూ అంత కష్టం కాకపోవచ్చు. కష్టమైన సందర్భాలు మాత్రం ఉన్నాయి.

నిజామాబాద్‌లో సిట్టింగ్ ఎంపీ కవితపై, పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ 70 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. రైతులకు పడ్డ ఓట్లు ఎవరి ఖాతాలోంచి కదిలాయో రహస్య బ్యాలెట్ చెప్పదు. జాతీయ పసుపు బోర్డును 2023 అక్టోబరులో ప్రకటించారు, 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగానే ప్రారంభించారు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపుకు ఇంకా చోటు దక్కలేదు.