ఊపిరి లెక్కపెట్టే ఫోను

కాకినాడలో నాది చిన్న మందుల షాపు. బాకీలు తల్చుకుంటే అర్ధరాత్రి గుండె దడదడలాడేది. డాక్టరుగారు పరీక్షలు చేయించి, గుండెకేమీ లేదు, ఇది ఆందోళన అన్నారు. మా అమ్మాయి ఫోన్లో ఊపిరి యాప్ ఒకటి వేసిపెట్టింది. తెరమీద వలయం విచ్చుకుంటుంటే నాలుగు లెక్కపెడుతూ పీల్చాలి, ముడుచుకుంటుంటే ఆరు లెక్కపెడుతూ వదలాలి. మాయేమీ లేదు: ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది.

నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం అందులోని ఆలోచనల డైరీ. 1960లలో అమెరికాలో మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన చికిత్సా పద్ధతి దీనికి మూలం. ‘షాపు మూతపడుతుంది’ అని రాస్తే, రుజువేమిటని అడుగుతుంది. ఖాతా పుస్తకం తీసి చూస్తే నాకు రావలసిన బాకీలూ ఉన్నాయి! మా ఆవిడ ఎప్పట్నుంచో చెబుతున్న మాటే ఇది. ఫోను అడిగితేగానీ చెవికెక్కలేదు.

‘ఈరోజు సాధన చేయలేదు’ అని పొడిచే నోటిఫికేషన్లు ఆపేశాను, అదో కొత్త బెంగ. మనసులో మాట రాసేముందు ప్రైవసీ షరతులూ చూసుకోవాలి. యూజర్ల ఆరోగ్య వివరాలు ప్రకటనల కోసం ఇతర కంపెనీలకు ఇచ్చిందంటూ ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్‌పై 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది.

నిద్ర, తిండి దెబ్బతింటే మనిషితోనే మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగేవాళ్లకు కౌంటరు మీద అతికించిన ఆ నంబరే చూపిస్తున్నాను.